దావీదు కథ, రబ్బరు బాతు: బైబిలు యానిమేషన్‌లోని నీతి పిల్లలకు ఎంతవరకు చేరుతుంది?

2000లో అమెరికాలో వచ్చిన ‘కింగ్ జార్జ్ అండ్ ది డకీ’ అనే వీడియోలో లారీ అనే కీరదోసకాయ రాజు వేషం కడుతుంది. ఆ రాజుకు స్నానపు తొట్టిలో తేలే రబ్బరు బాతులంటే ప్రాణం. అలమర నిండా బాతులే. అయినా ఒకరోజు మేడ మీదినుంచి చూస్తుంటే థామస్ అనే కుర్రవాడు తనకున్న ఒకే ఒక్క బాతుతో ఆడుకుంటూ కనబడతాడు. రాజుకు ఆ బాతే కావాలనిపిస్తుంది. థామస్‌ను యుద్ధంలో ముందు వరసకు పంపించి, దాన్ని తెప్పించుకుంటాడు.

బైబిలు చదివినవాళ్ళకు ఈ కథ ఇట్టే తెలిసిపోతుంది. 2 సమూయేలు 11, 12 అధ్యాయాలు. దావీదు రాజు, బత్షెబ, ఆమె భర్త ఊరియా. వ్యభిచారం, దాన్ని కప్పిపుచ్చడానికి చేయించిన హత్య. నాలుగేళ్ళ పిల్లకు చెప్పలేని కథను చెప్పదగినట్టుగా మలచిన ఆ నేర్పు చూస్తే నాకు నిజంగా గౌరవం కలుగుతుంది. ఉన్నవాడి ఆశ, లేనివాడికున్న ఒక్క వస్తువు, అధికారం చేసే అన్యాయం అన్నీ అందులో ఉన్నాయి. నాతాను ప్రవక్త చెప్పిన గొర్రెపిల్ల కథ కూడా ఉంది. మెల్విన్ అనే జ్ఞాని వచ్చి దాన్ని ఫ్లానెల్ బోర్డు మీద బొమ్మలు అంటించి చెబుతాడు. మన సండే స్కూళ్ళలో పెరిగినవాళ్ళకు ఆ బోర్డు కొత్తదేమీ కాదు.

అయితే ఒక్కటి మారింది. ఆ యుద్ధంలో సైనికులు విసురుకునేది తినుబండారాలు. థామస్ చనిపోడు, బెదిరిపోయి తిరిగొస్తాడు. రాజు క్షమాపణ అడిగి బాతును ఇచ్చేస్తాడు. ఊరియా మాత్రం తిరిగి రాలేదు. దావీదు చేసింది సరిదిద్దుకోవడానికి వీల్లేని తప్పు. బైబిలులో ఆ కథ బరువంతా అక్కడే ఉంది. వీడియోలో అది తిరిగి ఇచ్చేస్తే తీరిపోయే తప్పయింది. వీడియో అట్ట మీద స్వార్థం గురించిన పాఠం అని ఉంటుంది. ఐదేళ్ళ పిల్లవాడికి ఆ మాట చాలు అనేవారున్నారు. బైబిలు కథ నుంచి అంత తీసేస్తే మిగిలేది ఏమిటని అడిగేవారూ ఉన్నారు. ఈ రెండు వాదాల మధ్య తేల్చుకునే ముందు ఇంకో ప్రశ్న అడగాలి. స్వార్థం తప్పు అనే ఆ చిన్న మాటైనా పిల్లలకు అందుతోందా? దీనికి కొంత ఆధారం ఉంది. ఈ వ్యాసంలో దాన్ని జాగ్రత్తగా చూడాలని నా ప్రయత్నం.

ఇలాంటి బైబిలు బొమ్మల చరిత్ర పెద్దదే. ఇక్కడ కావలసినంతవరకే చెబుతాను. 1961లో అమెరికాలోని లూథరన్ సంఘం డబ్బుతో ‘డేవీ అండ్ గొలయత్’ మొదలైంది. గంబీ బొమ్మను సృష్టించిన ఆర్ట్ క్లోకీ, ఆయన భార్య రూత్ దీన్ని తీశారు. బొమ్మను కొద్దికొద్దిగా కదుపుతూ ఒక్కో ఫ్రేము చిత్రించే స్టాప్ మోషన్ పద్ధతి. ఇందులో బైబిలు కథలకన్నా మామూలు ఇంట్లో జరిగే సంగతులే ఎక్కువ. డేవీ అనే పిల్లవాడు, అతడితో మాట్లాడే గొలయత్ అనే కుక్క. ఆ కుక్క మాట్లాడేది డేవీకీ చూసేవాళ్ళకూ తప్ప ఇంకెవరికీ వినబడదు. పిల్లవాడి మనస్సాక్షికి అలా ఒక గొంతు ఇచ్చారు.

1981లో అమెరికాలోని సి.బి.ఎన్. సంస్థ, జపాన్‌లోని తాత్సునోకో స్టూడియో కలిసి ‘సూపర్‌బుక్’ తీశాయి. తాత్సునోకో అంటే స్పీడ్ రేసర్, గచ్చామన్ తీసిన సంస్థ. క్రైస్తవులు జనాభాలో నూటికి ఒకరుండే దేశంలో ఆదికాండం నుంచి కథలు బొమ్మలుగా కదిలాయి. క్రిస్, జాయ్ అనే ఇద్దరు పిల్లలు, గిజ్మో అనే రోబో ఒక పుస్తకం ద్వారా బైబిలు కాలానికి వెళ్ళి వస్తుంటారు. రెండు విడతల్లో 52 భాగాలు వచ్చాయి. నడుమ అదే స్టూడియో ‘ఫ్లయింగ్ హౌస్’ పేరుతో ఎక్కువగా యేసు జీవితం మీద మరో 52 భాగాలు తీసింది. 2011 నుంచి సూపర్‌బుక్ కంప్యూటర్ యానిమేషన్‌లో మళ్ళీ మొదలైంది. ఇది చాలా భాషల్లోకి వెళ్ళింది, తెలుగు డబ్బింగుతో కూడా ఉంది. మన ఊళ్ళలోని పిల్లలు దావీదు తెలుగులో మాట్లాడగా చూసేది ఎక్కువగా ఇలాంటి వాటిలోనే.

సోవియట్ యూనియన్ కూలిపోతున్న రోజుల్లో సూపర్‌బుక్ అక్కడి టీవీలో వచ్చింది. లక్షల కొద్దీ ఉత్తరాలు వచ్చాయని సి.బి.ఎన్. చెబుతుంది. ఈ రంగంలో ఆధారంగా చూపేది తరచు ఇలాంటి లెక్కే. ఎంతమంది చూశారు, ఎన్ని క్యాసెట్లు అమ్ముడుపోయాయి, ఎన్ని ఉత్తరాలు వచ్చాయి అని. కార్యక్రమం ఎంతమందికి చేరిందో వాటివల్ల తెలుస్తుంది. చూసిన పిల్లవాడు మర్నాడు తన పెన్సిలు పక్కవాడికి ఇచ్చాడా అన్నది మాత్రం వాటినుంచి తేలదు.

మొదట చెప్పిన దోసకాయ రాజు ‘వెజ్జీటేల్స్’ లోనిది. ఫిల్ విషర్, మైక్ నవ్రాకీ అనే ఇద్దరు స్నేహితులు మినెసోటాలోని ఒక బైబిలు కళాశాలలో కలుసుకున్నారు. మొదటి వీడియో 1993 డిసెంబరులో వచ్చింది. అప్పటి కంప్యూటర్లకు కాళ్ళూ చేతులూ వెంట్రుకలూ బట్టలూ ఉన్న పాత్రలను కదిలించే శక్తి తక్కువ. అందుకని విషర్ చేతులూ కాళ్ళూ అక్కర్లేని పాత్ర కోసం వెతికి ముందు ఒక చాక్లెట్ బార్‌ను గీశాడు. పిల్లలు మిఠాయిల మీద పడితే తల్లులకు కోపం వస్తుందని భార్య లీసా చెప్పడంతో కూరగాయల వైపు మళ్ళాడు. అలా బాబ్ అనే టమాటా, లారీ అనే దోసకాయ పుట్టాయి. వాటికి కట్టుబాట్లూ పెట్టుకున్నారు. యేసును కూరగాయగా చూపకూడదు. కూరగాయలకు దేవునితో రక్షణ సంబంధం ఉన్నట్టూ చూపకూడదు. వంటగది బల్ల మీది కూరగాయలు బైబిలు కథను నాటకంగా ఆడుతున్నాయన్నట్టే ఉండాలి. ఇది కథను ఎంత జాగ్రత్తగా పట్టుకున్నారో చెప్పే గుర్తు.

ఇక ఆధారాల సంగతి. ముందే ఒక మాట చెప్పాలి. కింద చెప్పబోయే ప్రయోగాల్లో ఏదీ బైబిలు యానిమేషన్ చూపించి చేసింది కాదు. మామూలు పిల్లల కథలతో, కార్టూన్లతో చేసినవి. వాటినుంచి బైబిలు బొమ్మల గురించి మనం చేసేది ఊహ మాత్రమే. ఆ ఊహ ఎంత గట్టిదో ఒక్కో చోట విడిగా చూడాలి.

మేరీ లూయిస్ మేర్స్, ఎమిలీ అకోస్టా 2008లో ప్రచురించిన అధ్యయనంతో మొదలుపెడతాను. నా దృష్టిలో ఈ విషయంలో అన్నింటికన్నా లోతుగా ఆలోచింపజేసేది అదే. ‘క్లిఫర్డ్’ అనే ప్రసిద్ధ పిల్లల కార్టూన్‌లో మూడు కాళ్ళ కుక్క ఒకటి వస్తుంది. మిగతా కుక్కలు మొదట దాన్ని చూసి జంకుతాయి, తర్వాత స్నేహం చేస్తాయి. అంగవైకల్యం ఉన్నవాళ్ళను దూరం పెట్టకూడదన్నది పాఠం. కిండర్‌గార్టెన్ పిల్లలకు దాన్ని చూపించి ఏం నేర్చుకున్నారని అడిగితే, మనుషుల దాకా వెళ్ళినవాళ్ళు చాలా తక్కువ. చాలామంది జవాబులు మూడు కాళ్ళ కుక్కల దగ్గరే ఆగిపోయాయి. ఆ పిల్లలు మొద్దులు కారు. ఆ వయసులో కథ అంటే జరిగిన సంఘటన. దానిలోంచి సూత్రాన్ని విడదీసి ఇంకోచోట వేసుకోవడం తర్వాత వచ్చే శక్తి. మరో చిక్కు కూడా ఉంది. పాఠం చెప్పడానికి ముందు తప్పు చూపించాలి. కార్టూన్‌లో ఆ తప్పు, అంటే భయం, చాలాసేపు రక్తి కట్టేలా సాగుతుంది. సర్దుబాటు చివర్లో రెండు నిమిషాల్లో అయిపోతుంది. పిల్లల జ్ఞాపకంలో ఏది మిగులుతుందో చెప్పనక్కర్లేదు.

ఇది చదివినప్పుడు నాకు వెజ్జీటేల్స్‌లోని ‘రాక్, షాక్ అండ్ బెన్నీ’ గుర్తుకొచ్చింది. 1995 నాటిది. షద్రకు, మేషాకు, అబేద్నెగోల కథ. నెబుకద్నెజరు స్థానంలో చాక్లెట్ కర్మాగారం యజమాని ఉంటాడు. బంగారు ప్రతిమకు బదులు పెద్ద చాక్లెట్ కుందేలు. దానికి మొక్కుతూ పనివాళ్ళందరూ ఒక పాట పాడాలి. ఆ కుందేలు ఉంటే అమ్మ అక్కర్లేదు, బడి అక్కర్లేదు, గుడి అక్కర్లేదన్న ధోరణిలో ఉంటుంది ఆ పాట. అలా పాడకూడదన్నదే కథ పాఠం. కానీ పాట చాలా బాగుంది. ఇళ్ళలో పిల్లలు ఆ పాటనే ఎత్తుకున్నారు. తల్లిదండ్రులు నొచ్చుకున్నారు. తర్వాత నిర్మాతలు మాటలు మార్చి సరిదిద్దిన పాట విడుదల చేశారు. మేర్స్, అకోస్టా ప్రయోగశాలలో చూసింది ఇక్కడ ఇంటి ముంగిట్లోనే కనబడినట్టుంది. ఇది ఒక్క ఉదాహరణే, దీనితో నిరూపణ అయిపోదు. అయినా బైబిలు యానిమేషన్‌కు ఇంత దగ్గరి సాక్ష్యం మరొకటి నా దృష్టిలో లేదు.

పాత్రలు కూరగాయలైతే ఏమవుతుందన్నది ఇంకో ప్రశ్న. టొరంటో పరిశోధకులు నికోల్ లార్సెన్, కాంగ్ లీ, పాట్రీషియా గేనియా నాలుగు నుంచి ఆరేళ్ళ పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. పంచుకోవడం గురించి ఒకే కథ. ఒక పుస్తకంలో పాత్రలు బట్టలు వేసుకున్న జంతువులు, ఇంకోదాంట్లో మనుషులు. కథకు ముందూ తర్వాతా పిల్లలు తమ స్టిక్కర్లలో ఎన్ని ఇతర పిల్లలకు ఇస్తారో లెక్కపెట్టారు. మనుషుల కథ విన్నవాళ్ళు మునుపటికన్నా ఎక్కువ ఇచ్చారు. జంతువుల కథ విన్నవాళ్ళు తక్కువ ఇచ్చారు. అయితే ఆ జంతువులను మనుషుల్లాంటివిగానే భావించిన పిల్లలు ఎక్కువ ఇచ్చారు. ఈ చివరి మాటను చాలామంది వదిలేస్తారు, వదలకూడదు. పిల్లవాడు లారీని తనలాంటివాడిగా తీసుకుంటే పాఠం దాటుతుందేమో. అదొక బొమ్మేలే అనుకుంటే దాటదేమో. పైగా అది చదివి వినిపించిన పుస్తకం, పాటలతో కదిలే బొమ్మ కాదు. కనుక కూరగాయల బొమ్మలు పనికిరావని దీన్నిబట్టి తీర్పు చెప్పలేం.

కాంగ్ లీ బృందం 2014లో ప్రచురించిన మరో పని బైబిలు కథలు చెప్పేవాళ్ళు ప్రత్యేకంగా చూడవలసింది. మూడు నుంచి ఏడేళ్ళ వయసున్న 268 మంది పిల్లలు. వెనకనున్న బొమ్మను తొంగి చూడొద్దని చెప్పి పరిశోధకురాలు బయటికి వెళుతుంది. చాలామంది చూస్తారు. ఆమె తిరిగొచ్చి ఒక కథ చదివి, చూశావా అని అడుగుతుంది. ‘నాన్నా పులి’ కథకు చుట్టమైన తోడేలు కథ, పినోకియో కథ విన్న పిల్లలు అబద్ధం ఆడటం తగ్గలేదు. జార్జ్ వాషింగ్టన్ చెర్రీ చెట్టు నరికి నిజం ఒప్పుకున్న కథ విన్నవాళ్ళు నిజం చెప్పడం పెరిగింది. ఆ కథను మార్చి నిజం చెప్పనందువల్ల వచ్చిన కీడును చూపిస్తే ఆ ప్రభావం పోయింది. శిక్షను చూపే కథకన్నా, ఒప్పుకున్నవాడికి దొరికిన ఆదరణను చూపే కథే పనిచేసిందని దీని సారం.

దీన్ని దావీదు కథ మీద పెట్టి చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. పిల్లల బైబిలు బొమ్మల్లో నిర్మాతలు శిక్షల్ని మెత్తబరచడం మామూలే. వెజ్జీటేల్స్ ‘ఎస్తేరు’లో హామానును ఉరికొయ్య మీదికి కాకుండా ఎప్పటికీ చక్కిలిగింతలు పెట్టే ద్వీపానికి పంపుతారు. కథను పలచన చేశారని నేనూ అనుకునేవాణ్ణి. కానీ ఈ ప్రయోగం ప్రకారం, పశ్చాత్తాపపడిన రాజును థామస్ క్షమించడం పిల్లలకు శిక్షకన్నా బాగా పట్టే అవకాశముంది. కథకు నష్టమైనది నీతికి లాభమయ్యే సందర్భాలూ ఉంటాయన్నమాట.

పెద్దవాళ్ళు పక్కన ఉండటం గురించిన ఆధారం ఇంకొంచెం నిలకడగా ఉంది. మేర్స్, అకోస్టా 2010లో వెలువరించిన పనిలో కార్టూన్ నడుమ కథ అర్థాన్ని పిల్లలకు నేరుగా చెప్పే చిన్న ముక్కలు చేర్చారు. గ్రహింపు మెరుగుపడింది. ‘డేనియల్ టైగర్’ కార్టూన్‌తో ఎరిక్ రాస్‌ముసెన్ బృందం చేసి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు వారాలు చూసిన పిల్లల్లో ఇతరుల బాధను గుర్తించడం వంటి గుణాలు పెరిగినది, చూసినదాని గురించి ఇంట్లో పెద్దలు తరచు మాట్లాడే పిల్లల్లోనే. అన్నీ కలిపి చూస్తే, మంచిని చూపే టీవీ మీద జరిగిన 34 అధ్యయనాలను మేర్స్, వుడార్డ్ 2005లో ఒకచోట చేర్చి, మొత్తం మీద మేలే జరుగుతోందని తేల్చారు. నిరాశపడవలసిన చిత్రం కాదిది. తెర ఒంటరిగా చేసేది కొంచెమనీ, పక్కన మనిషి ఉంటే అది పెరుగుతుందనీ చెప్పే చిత్రం.

బైబిలు కథలకే ప్రత్యేకమైన సంగతి ఒకటుంది, అది నిజమా కల్పనా అన్నది. కాథ్లీన్ కారివో, ఈవా చెన్, పాల్ హారిస్ 5, 6 ఏళ్ళ 66 మంది పిల్లలను పరీక్షించారు. గుడికో మతపాఠశాలకో వెళ్ళే పిల్లలు దేవుని అద్భుతం జరిగిన కథల్లోని మనిషిని నిజంగా ఉన్నవాడిగా తీసుకున్నారు. అద్భుతాన్ని మంత్రంగా మార్చి చెప్పిన కథల్లో కూడా మిగతా పిల్లలకన్నా ఎక్కువగా నిజమే అనుకున్నారు. యానిమేషన్‌లో సముద్రం చీలడం, దోసకాయ మాట్లాడటం ఒకే రంగుల్లో కనబడతాయి. విశ్వాసం ఉన్న ఇంట్లో రెంటిమధ్య గీత గీసే బాధ్యత తెర మీద కాదు, ఇంటి మీద పడుతుంది.

ఈ రంగంలో నన్ను అన్నిటికన్నా కదిలించిన సాక్ష్యం మాత్రం ఒక పరిశోధకుడిది కాదు, ఫిల్ విషర్‌ది. వెజ్జీటేల్స్ కోట్ల సంఖ్యలో అమ్ముడయ్యాక, 2002లో యోనా సినిమా తీశాక, ఒక పంపిణీ సంస్థతో వచ్చిన వ్యాజ్యంలో ఓడి ఆయన సంస్థ 2003లో దివాలా తీసింది. ఆ తీర్పును పైకోర్టు 2005లో కొట్టేసింది, కానీ అప్పటికే సంస్థ చేతులు మారింది. 2006లో ఎన్.బి.సి. టీవీ వెజ్జీటేల్స్‌ను శనివారం ఉదయం వేస్తూ, దేవుని ప్రస్తావనలు కొన్ని కత్తిరించింది. ఆ కత్తిరింపు మీద పెద్ద రగడ జరిగింది. నాకు అందులో కనబడే ప్రశ్న వేరు. దేవుణ్ణి తీసేసినా కథ నడిచిందంటే, అక్కడ దేవుని స్థానం ఎంత? 2011లో వరల్డ్ అనే క్రైస్తవ పత్రికతో మాట్లాడుతూ విషర్ దాదాపు ఇదే ఒప్పుకున్నాడు. పదేళ్ళపాటు తాను పిల్లలకు క్రైస్తవుల్లా ప్రవర్తించమని చెప్పాను గానీ క్రైస్తవ్యం నేర్పలేదని ఆయన భావం. అందుకే ‘వాట్స్ ఇన్ ది బైబిల్’ పేరుతో ఆదికాండం నుంచి ప్రకటన దాకా 13 భాగాల్లో బైబిలు మొత్తాన్నీ ఒకే కథగా చెప్పే పని మొదలుపెట్టాడు. అంత పేరు తెచ్చిన తన పని మీద తానే ఇలాంటి మాట అనడానికి ధైర్యం కావాలి.

మన సండే స్కూళ్ళకు ఇదంతా దూరపు సంగతేం కాదు. ఎండాకాలం సెలవుల్లో వి.బి.ఎస్. (వెకేషన్ బైబిల్ స్కూల్), యాక్షన్ సాంగ్స్, ఆదివారం కంఠత వాక్యం, కథ అయ్యాక ‘దీనివల్ల మనం నేర్చుకునే నీతి ఏమిటి?’ అనే ప్రశ్న. ఈ చివరి ప్రశ్న మనకు పంచతంత్రం నుంచీ, పాఠ్యపుస్తకాల నుంచీ వచ్చిన అలవాటు. జవాబు ఒక్క మాటలో ఉండాలి: విధేయత, ధైర్యం, స్వార్థం కూడదు. తెర మీది బొమ్మ ఈ అలవాటుకు సరిగ్గా సరిపోతుంది, అట్ట మీదే పాఠం పేరు ఉంటుంది కదా.

మనకు రెండో అలవాటు కూడా ఉంది. చందమామ చదివినవాళ్ళకు బేతాళ కథలు గుర్తుంటాయి. బేతాళుడు నీతి చెప్పడు, ప్రశ్న వేస్తాడు. విన్నవాడు ఆలోచించి జవాబు చెప్పక తప్పదు. నాతాను దావీదు దగ్గర చేసింది అదే. గొర్రెపిల్ల కథ చెప్పి ఊరుకున్నాడు. తీర్పు దావీదు నోటినుంచే వచ్చింది, ఆ తర్వాతే అది ఎవరి కథో దావీదుకు తెలిసింది. పైన చూసిన ఆధారాలు చూపే దిక్కు ఇదేనని నాకనిపిస్తుంది. వీడియో అయిపోగానే నీతిని చదివించే బదులు, ‘థామస్ తిరిగి రాకపోయుంటే రాజు ఏం చేసేవాడు?’ అని అడగవచ్చు. ఆరేళ్ళ పిల్లకు ఆ ప్రశ్న అందుతుంది. అక్కడినుంచి ఊరియా దాకా తీసుకువెళ్ళేది పక్కనున్న అమ్మో, నాయనమ్మో, సండే స్కూల్ టీచరో. తెలుగు డబ్బింగు వల్ల ఇందుకు అనుకూలమూ ఉంది. చూసిన భాషలోనే, మధ్యలో ఆపి, మాట్లాడుకోవచ్చు.

బైబిలులో యోనా గ్రంథం 4 అధ్యాయాలు. చివరి వాక్యం ఒక ప్రశ్న. నీనెవెలో ఉన్న అంతమంది మీద, పశువుల మీద నాకు జాలి ఉండకూడదా అని దేవుడు అడుగుతాడు. యోనా జవాబు గ్రంథంలో లేదు. 2002లో విషర్, నవ్రాకీ ఆ కథను సినిమాగా తీసినప్పుడు యోనాను మార్చేసి సంతోషంగా ముగించడం తేలిక. వాళ్ళు అలా చేయలేదు. అలిగిన ప్రవక్తను అలిగినట్టే వదిలేశారు. సినిమాలో ఆ కథ వింటున్న పిల్లలు నమ్మలేక అడుగుతారు, అయిపోయిందా, ఇంతేనా అని.